ఎడమవైపు మడత

కిందటి వారం గొడుగమ్మ చక్రాల కుర్చీని దీపాల గది గుమ్మంలో ఆపి వచ్చాం. లోపలికి తోస్తే ఒక కథ, వెనక్కి తిప్పితే ఇంకో కథ. తోసేది కూతురు. ఆ పిల్ల సిటీ బస్సులో కండక్టరు. ఉదయం డ్యూటీ ఇంకొకరికి అంటగట్టి, యూనిఫాం విప్పకుండానే పరిగెత్తుకొచ్చింది.

యుద్ధం రోజుల్లో గొడుగమ్మ విమానాల మైదానం పక్కన పొడవాటి షెడ్డులో నిలబడి పారాచూట్లు మడిచేది. మాజీ సైనికుల పునరావాస కేంద్రంలో ఆ పేరు అలా స్థిరపడింది. మొన్న చలికాలంలో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. మాట మాత్రం పడిపోలేదు. అదీ పడిపోయుంటే ఇక్కడ సగంమందికి సుఖంగా ఉండేదని సిబ్బంది చాటుగా అనుకుంటారు.

దీపాల గది అలాంటివాళ్ల మనసు కుదుటపరచడానికి కట్టిన గది. మెల్లగా రంగులు మారే దీపాలు, ముక్కుకి తగిలీ తగలని వాసనలు, పరుపులోంచి ఒంట్లోకి పాకే సన్నటి అదురు, తడమడానికి బుట్టల నిండా గుడ్డలు, బ్రష్షులు, గరుకు రాళ్లు. తలుపు మీద ఒక పలక: ‘ఈ గదిలో తప్పు అనేది లేదు.’ గొడుగమ్మ ఎవరితో గొడవపడినా మొదలు ఆ పలకతోనే. మొన్నటికి మొన్న, నీటిబుడగలు తేలే గాజు దీపస్తంభాన్ని ఒంటి చేత్తో లాగి పడేసింది. ఎందుకమ్మా అంటే, బాగుంది బాగుంది అని ఇంకోసారి అంటే రెండోదీ పడేస్తానంది.

దానిమీద పెద్ద డాక్టరు గడువు పెట్టాడు. ఈరోజు ఆయనే వచ్చి కూర్చుంటాడు. ఆవిడ నెమ్మదిగా ఉంటే గది దక్కుతుంది. మళ్లీ విరుచుకుపడిందా, చివరి వరసకి. చివరి వరస అంటే పెరటివైపు గదులు. అక్కడ కసరత్తు లేదు, దీపాలు లేవు. వేళకి తిండి, వేళకి మగతమందు. అక్కడికి చేరినవాళ్లు దెబ్బలాడరు. నవ్వరు కూడా.

గుమ్మంలో కూతురు వంగి, అమ్మ కుడి చెవి దగ్గర చెప్పాల్సిందంతా చెప్పింది. ఒక్క గంట ఓర్చుకోమంది. ఎవరేమన్నా నవ్వమంది. నవ్వు రాకపోతే పళ్లు కనిపించేలా నోరు తెరిచినా చాలంది, దూరంనుంచి చూసేవాళ్లకి తేడా తెలియదని తన బస్సు అనుభవం.

“సరే తొయ్యి,” అంది గొడుగమ్మ. “పళ్లు చూపిస్తా.”

*

లోపల ముగ్గురున్నారు. గదిని నడిపే అమ్మాయి, అందరి నోటా ‘దీపాల పిల్ల’. మూలన కుర్చీలో పెద్ద డాక్టరు. కిటికీ పక్కన ఇంకో చక్రాల కుర్చీలో అలాగేగారు.

ఆయన సంగతి చెప్పాలి. యుద్ధంలో విమానాల్లోంచి దూకిన దళంలో మనిషి. పక్షవాతం ఆయన కాళ్లు వదిలేసి మాట పట్టుకుపోయింది, పోతూ పోతూ ఒక్క ముక్క మాత్రం నోట్లో వదిలింది: అలాగే. ఆకలేసినా అలాగే, సూది గుచ్చుతామన్నా అలాగే. కాళ్లు ఆడుతున్నా కుర్చీ వదలడు, అది వేరే మొండితనం. ఏది ఒప్పుకోలో ఏది తిరుగుబాటో ఆయన చేతిని చూసి తెలుసుకోవాలి.

పెద్ద డాక్టరుని తిట్టుకోనక్కర్లేదు. ఉద్రేకపడి రెండోసారి దెబ్బతిన్న ఇద్దరిని ఆయన తన చేతుల మీదుగా సాగనంపాడు. అప్పట్నుంచీ ఎవరు గొంతు పెంచినా ఆయన ప్రాణం గిలగిల్లాడుతుంది. గది మీద ఆయనకి నమ్మకముంది, ఉండటంలో తప్పూ లేదు. ఈ గదిలో అదిరే పరుపు మీద పడుకున్నాకే అలాగేగారికి పగటి నిద్ర పట్టింది. గొడుగమ్మ కూడా మొదటిరోజు ఆ అదురు వీపుకి తగలగానే విమానం ఇంజను వేడెక్కుతోందంది. జబ్బు చేశాక ఆవిడ ఏదన్నా ఇష్టంగా చెప్పడం అదే మొదలు. అది విని దీపాల పిల్ల ఎక్కడెక్కడో వెతికి, సరుకులు దించడానికి వాడే చిన్న పారాచూట్ ఒకటి పాతది సంపాదించి తెచ్చింది. ఈరోజు బల్ల మీద పరిచి ఉన్నది అదే.

గొడుగమ్మ ఎడమ వేలికి నాడి చూసే క్లిప్పు తగిలించారు. పక్కన చిన్న తెర మీద అంకె వెలిగింది.

ఆవిడ గుడ్డ మీద కుడి చెయ్యి వేసింది. గదిలో గాలే మారిపోయింది. ఆ ముసలి చేతికి కళ్లున్నాయా అనిపించింది. ఒక పాయ మీద ఇంకో పాయ లాగి, అరచేత్తో గాలి తోసి, గోటితో అంచు నొక్కి, తాళ్లు చిక్కుపడకుండా వేళ్లసందున దువ్వి, వాటిని ఎనిమిది అంకెలా తిప్పి పేర్చింది. కొండచిలువ చుట్ట చుట్టుకున్నట్టు గుడ్డ తనంతట తనే సర్దుకుంటోంది. డాక్టరు కూడా మోచేతులు మోకాళ్లమీద ఆనించి ముందుకి వంగాడు.

కానీ పని సగమే.

బల్లకి కుడివైపు గుడ్డ కొత్త పుస్తకంలా ఉంది. ఎడమవైపు గుడ్డ విడిపోయి, బల్ల అంచు దాటి, ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. ఆవిడ కళ్లు బాగానే ఉన్నాయి. మెదడే ఎడమవైపు లోకాన్ని లెక్కలోంచి కొట్టేసింది. కొట్టేసిన సంగతి ఆవిడకి చెప్పలేదు. పళ్లెంలో కుడి సగం తిని ఇంతే పెట్టారేంటని తిట్టేది. తలలో కుడి సగం దువ్వుకుని అద్దం పక్కన పెట్టేది. ఎడమనుంచి పిలిస్తే కుడివైపు చూసి పలికేది. అందుకే వచ్చినవాళ్లంతా కుడివైపే నిలబడాలని కేంద్రంలో అందరికీ నేర్పారు. కూతురు కూడా అక్కడే నిలబడి, మిగిలిన తిండి పళ్లెం తిప్పి పెట్టి, ఇదిగో ఇంకా ఉందని చెప్పి, రోజులు నెట్టుకొచ్చింది.

“అయింది,” అంది గొడుగమ్మ.

దీపాల పిల్ల చప్పట్లు కొట్టబోయి, అరచేతులు కలిపి ఊరుకుంది. చాలా బాగుందమ్మా అంది. తెర మీద అంకె నెమ్మదిగా ఉంది. డాక్టరు తల ఊపాడు. కూతురి భుజాలు కిందికి దిగాయి. అక్కడితో లేచి వెళ్లిపోతే అందరికీ మంచిదే.

కానీ మడత పెట్టేవాళ్ల దగ్గర ఒక పద్ధతుంది. తాము మడిచినదాన్ని తామే చూసుకుని సరే అనుకోరు. ఇంకో చెయ్యి తడిమి చూడాల్సిందే. ఆ రెండో చెయ్యి పడేదాకా అది పారాచూట్ కాదు, గుడ్డ. గొడుగమ్మ కుడిచేత్తో కుర్చీ చక్రం పట్టుకుని, అలాగేగారిని రమ్మంది. కట్టుకుని దూకినవాడివి నీకంటే తెలిసినవాడెవడు, ఒకసారి చెయ్యి వెయ్యమంది.

అలాగేగారు కుర్చీ దొర్లించుకుంటూ వచ్చాడు. కుడివైపు మడత మీద వేళ్లు జరిపాడు. బల్ల చుట్టూ తిరిగి ఎడమవైపుకి వెళ్లాడు. వేలాడుతున్న గుడ్డ పట్టుకున్నాడు. మళ్లీ ఆవిడకి ఎదురుగా వచ్చి, గుడ్డ మొత్తాన్నీ రెండు చేతులా ఆవిడవైపు నెట్టేశాడు.

“అలాగే,” అన్నాడు.

గొడుగమ్మ చూసింది. ఆవిడకి కనిపించినంతలో వంక లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు, దాన్ని మళ్లీ ఆయనవైపు తోసింది. ఆయన తిరిగి ఇటు తోశాడు. ఇద్దరు పిల్లలు అన్నం వద్దని పళ్లెం తోసుకున్నట్టు మూడుసార్లు జరిగింది. మూడోసారి ఆయన కళ్లలో నీళ్లు చూసి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

“ఏమయ్యా, ఇది కట్టుకుని దూకవా నువ్వు?”

“అలాగే,” అన్నాడాయన, తల అడ్డంగా ఊపుతూ.

ఆవిడ దీపాల పిల్లని అడిగింది. ఏం లేదమ్మా, అంతా బాగానే ఉందంటూ ఆ పిల్ల డాక్టరువైపు చూసింది. చూసి ఉండకూడదు. ఆ చూపు కుడివైపే జరిగింది, గొడుగమ్మ కంట పడింది.

గొడుగమ్మ కూతుర్ని అడిగింది. “అమ్మాయ్, బస్సులో టికెట్టు లేనివాడు నవ్వుతూ కూర్చుంటే నువ్వూ నవ్వి ఊరుకుంటావా?”

“ఊరుకోను.”

“మరి చెప్పు.”

కూతురికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే అమ్మ విరుచుకుపడుతుంది, చివరి వరస ఖాయం. చెప్పకపోతే అమ్మ నెమ్మదిగానే ఉంటుంది, రేపూ ఉంటుంది, సగం పళ్లెం ముందు నవ్వుతూ కూర్చునే మనిషై ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ మనిషిని తయారుచేసింది తనే కదా అన్న ఆలోచన వచ్చి ఆ పిల్లకి ఒళ్లు మండింది. తన మీదే.

“నీ ఎడమవైపు గుడ్డ మడత పడలేదమ్మా. కింద వేలాడుతోంది. గుడ్డ ఒక్కటే కాదు. నీకు ఎడమ పక్క ఏదున్నా తెలియట్లేదు. జబ్బు చేసినప్పట్నుంచీ అంతే. మేమందరం కలిసి దాస్తున్నాం.”

తెర మీద అంకె లేచింది. ఎర్రగా వెలిగింది.

*

పెద్ద డాక్టరు కుర్చీలోంచి లేచాడు. గొంతు పెంచలేదు, ఆయన పెంచడు. ఇవాళ్టికి చాలన్నాడు. ఇలా జరుగుతుందనే భయపడ్డానన్నాడు. గుడ్డ తీసెయ్యమని దీపాల పిల్లకి చెప్పి, కుర్చీ బయటికి తిప్పమని కూతురికి చెప్పాడు. చివరి వరస అన్న మాట ఆయన పలకలేదు, ‘పెరటివైపు’ అన్నాడు. మాట మెత్తనిదే గాని, తగిలే చోటు అదే.

గొడుగమ్మ కుడిచేత్తో గుడ్డ పట్టుకుంది. పట్టు అంటే ఉడుంపట్టు.

“ఎన్ని రోజులైంది దాచి?” అంది, ఎవర్నీ చూడకుండా.

అప్పుడు డాక్టరే దగ్గరికొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆవిడ ముఖానికి సూటిగా ముఖం పెట్టి చెప్పాడు. కోపం ఈ జబ్బులో ఒక లక్షణమన్నాడు. రక్తపోటు లేస్తే రెండో దెబ్బ తగలొచ్చు, అప్పుడు ఈ మాట కూడా మిగలదన్నాడు. ఆవిడ మంచికేనన్నాడు.

“లక్షణం కాదు డాక్టరుగారూ,” అంది గొడుగమ్మ. “నాలో పక్షవాతం తగలని భాగం అదొక్కటే. దాన్నీ పడుకోబెట్టేస్తే ఇంక ఇక్కడ మిగిలేది ఎవరు?”

ఆయన నోరు తెరిచాడు. ఆవిడ ఆగలేదు. అరవలేదు కూడా, అదే అందర్నీ కదలకుండా చేసింది. షెడ్డులో తన పక్క బల్ల మీద పనిచేసిన మనిషి గురించి చెప్పింది. మహా మంచిదట, ఎవరి మనసూ నొప్పించేది కాదట. ఎవరేం మడిచినా చెయ్యి వేసి బాగుందనేదట. పై అధికారి ఆమెని మందలించలేదు, తిట్టలేదు. మడత బల్ల దగ్గర్నుంచి తీసేసి బట్టలుతికే చోటికి పంపేశాడు. మంచితనం నేల మీద నిలబడ్డవాళ్లకి సరిపోతుందని, పైనుంచి దూకేవాళ్లకి చాలదని అన్నాడట.

“పైనుంచి పడుతున్నదాన్ని నేను. పడుతున్నదాన్ని పట్టుకుని బాగుంది బాగుంది అంటారేంటి. ఎక్కడ విడిపోయిందో చెప్పండి. కుట్టుకుంటానో, చస్తానో, నా చావు నేను చస్తా. తప్పు లేని గదిలో ఒప్పు ఎక్కడుంటుంది?”

గదిలో నీలం దీపం ఆకుపచ్చగా మారింది. ఎక్కడో నీళ్ల చప్పుడు రికార్డులో సాగుతోంది. దీపాల పిల్ల వెళ్లి ఆ చప్పుడు ఆపేసింది. గోడ దగ్గర మీట నొక్కితే మామూలు తెల్ల దీపం వెలిగింది. ఆ వెలుగులో గది ఉత్త గదిలా ఉంది, గోడకి సున్నం పెచ్చులూడి, వైర్లు వేలాడుతూ.

“మడత తప్పు అమ్మా,” అందా పిల్ల. “నేను చూశాను. చూసే బాగుందన్నాను.”

“ఇప్పుడు కాస్త బాగున్నావు,” అంది గొడుగమ్మ.

*

ఆవిడ గుడ్డని మళ్లీ మొదట్నుంచి పరవమంది. డాక్టరు వద్దనబోయి, తెరవైపు చూశాడు. ఎర్ర అంకె కాస్త దిగింది. ఆయన నిలబడ్డచోటే నిలబడ్డాడు.

మడతలు విడిపోకుండా పైన పెట్టడానికి షెడ్డులో ఇసుక నింపిన చిన్న సంచులు ఉండేవి. ఇక్కడ లేవు. గొడుగమ్మ కాసేపు ఆలోచించింది. నా రెండో చెయ్యి ఎక్కడుందని కూతుర్ని అడిగింది, ఇంట్లో గొడుగు ఎక్కడుందని అడిగినట్టు. ఒళ్లో ఉందంది కూతురు. తెచ్చి బల్ల మీద పెట్టమంది.

కూతురు కుడివైపునుంచి కదిలి, కుర్చీ వెనకనుంచి చుట్టూ తిరిగి, ఎడమవైపుకి వచ్చింది. అమ్మ ఎడమ చెయ్యిని రెండు చేతుల్తో ఎత్తి, గుడ్డ ఎడమ అంచు మీద పడుకోబెట్టింది. క్లిప్పు వేలికే ఉంది. అది ఇసుక సంచి లాగే పడింది, బరువుగా, ఏమీ పట్టనట్టు.

గొడుగమ్మ కుడిచెయ్యి గుడ్డ వెంట పాకుతూ వచ్చింది. మధ్యదాకా రావడం తేలికే. అక్కడ ఆగింది. అక్కడితో ఆవిడ లోకం అయిపోతుంది. అయిపోయిన చోట ఇంకా గుడ్డ ఉందని వేళ్లు చెబుతున్నాయి. గుడ్డ చివర ఏదో బరువు పట్టుకుని లాగుతోంది. కళ్లు కాదంటున్నాయి. ఆవిడ కళ్లు మూసుకుని వేళ్ల మాట విన్నది. చెయ్యి ఇంకాస్త పాకింది, ఇంకాస్త. చివరికి ఆ వేళ్లు ఇంకో చేతి వేళ్ల మీద పడ్డాయి. చల్లగా, మొద్దుగా. ఆవిడ వాటిని తడిమింది. ఉంగరం వేలు దగ్గర ఆగింది.

“దొరికావా,” అంది, తన చేతితోనే. “తిని కూర్చుంటున్నావా ఇన్నాళ్లూ. కూర్చో. కదలకు. నీ పని అదే.”

అలాగేగారు ముక్కు చీదాడు. ఎడమవైపు గుడ్డ మడతపడటం మొదలైంది. అందంగా కాదు. ముడతలున్నాయి, ఒక తాడు మెలికపడింది. కానీ అంచు అంచు మీదకి వచ్చింది. ఆవిడ నుదుట చెమట పట్టింది. దీపాల పిల్ల తుడవబోతే మోచేత్తో నెట్టేసింది. అలాగేగారు ఎడమవైపు మళ్లీ చెయ్యి వేశాడు. మెలికపడ్డ తాడుని ఆవిడ వేళ్లకి అందించాడు. గొడుగమ్మ విప్పి మళ్లీ పేర్చింది. ఆయన గుడ్డని ఈసారి వెనక్కి నెట్టలేదు.

డాక్టరు తెర చూశాడు. అంకె మొదట్లో ఉన్నంతకి దిగింది.

“ఇది ఒక్కరోజు ముచ్చట కాదు గదా అమ్మగారూ,” అన్నాడు. మాటలో ఇందాకటి బిగువు లేదు, పంతం ఉంది.

“కాదు. సోమవారం ఇదే గుడ్డ మళ్లీ నేనే మడుస్తా. ఇసుక సంచి కట్టి మేడ మీదనుంచి వదలండి. తెరుచుకుంటే ఈ గది నాది, ఆ పలక తీసేస్తారు. తెరుచుకోకపోతే నన్నెవరూ తొయ్యక్కర్లేదు. ఈ ఒక్క చేత్తో చక్రం తిప్పుకుంటూ నేనే పెరటివైపు పోతా.”

అలాగేగారు గొంతు సవరించుకుని, బొటనవేలితో తన గుండె మీద పొడుచుకున్నాడు. మేడవైపు చూపించాడు. మళ్లీ తనని చూపించుకున్నాడు.

“అలాగే,” అన్నాడు.

ఇసుక సంచి బదులు తనని కట్టమంటున్నాడని అర్థమవడానికి అందరికీ క్షణం పట్టింది. డాక్టరు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. మేడ మరీ తక్కువ ఎత్తయ్యా, ఆశపడకంది గొడుగమ్మ.

నవ్వు అయ్యాక డాక్టరు ఇటు తిరిగాడు. ఒప్పుకుంటానన్నాడు. ఒక్క షరతు. ఈరోజు ఎడమవైపు దొరికింది కూతురు చెప్పబట్టి, కూతురు చెయ్యి పెట్టబట్టి. రేపు ఆ పిల్ల బస్సులో ఉంటుంది, పక్కన ఉండదు. చెప్పేవాళ్లు లేనప్పుడు ఆవిడకి ఎడమవైపు ఉంటుందా, ఉండదా అన్నదే అసలు ప్రశ్న అన్నాడు. కాబట్టి ఈ క్షణంనుంచి ఎవరూ చెప్పకూడదు. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. కూతురు సోమవారందాకా ఈ కేంద్రంలోకి రాకూడదు.

కాదనడానికి సందు లేదు. ఆయన అన్నది న్యాయమే.

“సరే,” అంది గొడుగమ్మ. “అమ్మాయ్, నువ్వు వెళ్లు.”

అంటూ కుడివైపు చూసింది. కూతురు రోజూ నిలబడే చోటు అది. అక్కడ ఖాళీ గోడ ఉంది, తెల్లటి వెలుగులో. ఆవిడ నుదురు ముడిపడింది. అమ్మాయ్ అని మళ్లీ పిలిచి, గోడనీ తలుపునీ వెతికింది. కూతురు ఎడమవైపు, ఆవిడ మోచేతికి ఆనుకునే నిలబడి ఉంది. దీపాల పిల్ల నోటి దాకా వచ్చిన మాటని మింగేసింది. అలాగేగారు కుర్చీ చక్రం గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరు ఎవరివైపూ చూడలేదు.

గొడుగమ్మ తల కదిలింది. కుడినుంచి బల్ల మీదికి, బల్ల మీదనుంచి మధ్యకి. ముక్కుకి సూటిగా ఉన్న గీత దగ్గర మెడ బిగుసుకుని ఆగిపోయింది.

కూతురు ఎడమవైపున్నానమ్మా అని ఒక్క మాట అంటే చాలు. అంటే చెప్పినట్టే.

ఆ పిల్ల పెదవి పంటికింద నొక్కిపట్టి, నోరు మూసుకుంది.